12 బై 16 గదిలో హోమ్ థియేటర్: ముందు గది, ఆ తరవాతే ప్రొజెక్టర్

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. విశాఖ మధురవాడలో సొంత ఇల్లు. మేడ మీద 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు ఉన్న గది ఖాళీగా ఉంది. తూర్పున ఒక కిటికీ, ఉత్తరాన ఒక కిటికీ. బడ్జెట్ నాలుగు లక్షలు. షాపువాళ్లు 4కె లేజర్ ప్రొజెక్టరు, 150 అంగుళాల స్క్రీను కలిపి మూడు లక్షల ముప్పై వేలకు ఇస్తామన్నారు. తీసుకోవచ్చా అని అడిగారు.

తీసుకోకండి. మీ గదికి 110 అంగుళాల ఫిక్స్‌డ్ ఫ్రేమ్ తెల్ల స్క్రీను, సీలింగుకు బిగించే మామూలు లాంగ్ త్రో (దూరం నుంచి బొమ్మ వేసే) ప్రొజెక్టరు చక్కగా సరిపోతాయి. ఆ రెండింటికీ కలిపి మీ డబ్బులో సగానికి మించి పెట్టొద్దు. మిగతా సగం గదిని చీకటి చెయ్యడానికి, గోడల మోత తగ్గించడానికి, స్పీకర్లకు కావాలి. నేను చాన్నాళ్లుగా విశాఖలోనూ చుట్టుపక్కలా ఇళ్లల్లో ఇవే బిగిస్తున్నాను. "బొమ్మ బాగా రావట్లేదండీ" అని పిలిస్తే వెళ్లి చూసిన ఇళ్లల్లో ప్రొజెక్టరు లోపం కంటే గది లోపమే ఎక్కువ.

150 ఎందుకు వద్దో లెక్క చెబుతాను. జగదాంబ జంక్షన్‌లో పెద్ద తెర మీద సినిమాలు చూసి పెరిగినవాళ్లం, ఇంట్లో కూడా వీలైనంత పెద్దది కావాలనిపించడం సహజం. కానీ 150 అంగుళాల (మూల నుంచి మూలకు కొలిచే లెక్క) స్క్రీను వెడల్పు దాదాపు 11 అడుగులు, ఎత్తు ఆరడుగుల పైమాట. మీ గోడ 12 అడుగులే. అటు ఆరంగుళాలు, ఇటు ఆరంగుళాలు మిగులుతాయి. ఎడమ, కుడి స్పీకర్లు ఎక్కడ పెడతారు? స్క్రీను వెనకే పెట్టాలి. అలా పెట్టాలంటే శబ్దం దాటగలిగే నేత స్క్రీను కొనాలి, గోడకీ స్క్రీనుకీ మధ్య అడుగున్నర వదలాలి. ఆ అడుగున్నర మీ 16 అడుగుల పొడవులోంచే పోతుంది.

కంటి లెక్క కూడా ఉంది. స్క్రీను వెడల్పు మీ చూపులో సుమారు 30 నుంచి 40 డిగ్రీలు ఆక్రమిస్తే సినిమా హాయిగా ఉంటుంది. 110 అంగుళాల స్క్రీను వెడల్పు 8 అడుగులు. సోఫా 11 అడుగుల దూరంలో వేస్తే సరిగ్గా 40 డిగ్రీలు. సోఫా వెనక నాలుగైదు అడుగులు మిగులుతుంది, అది సౌండుకి చాలా మంచిది. అదే సోఫాలో కూర్చుని 150 చూస్తే 50 డిగ్రీలు దాటిపోతుంది. ఒక పాట వరకు గొప్పగా ఉంటుంది. మూడు గంటల సినిమాకో, ఒక పూర్తి క్రికెట్ మ్యాచ్‌కో మెడ అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లు రెండోసారి ఆ గదిలోకి రారు.

ఇక వెలుగు. ప్రొజెక్టరు వెలుగును (దాని కొలత ల్యూమెన్లు) స్క్రీను చదరపు అడుగులతో భాగిస్తే వచ్చేదాన్ని ఫుట్ లాంబర్ట్ అంటారు. ఇప్పటి డిజిటల్ సినిమా హాళ్లకు ప్రమాణం 14. ఒక ప్రొజెక్టరు బాక్సు మీద 2,000 ల్యూమెన్లు అని ఉందనుకోండి. రంగులు సరిగ్గా ఉండే సినిమా మోడ్‌లో, ఫ్యాను మోత తక్కువుండే సెట్టింగులో మీకు అందేది 1,100 దగ్గర ఉండొచ్చు. 110 అంగుళాల స్క్రీను 36 చదరపు అడుగులు, కాబట్టి 30 వస్తుంది. 150 అంగుళాలది 67 చదరపు అడుగులు, 16 మాత్రమే వస్తుంది. అది కూడా కొత్తలో. ల్యాంపైనా లేజరైనా వాడేకొద్దీ వెలుగు తగ్గుతుంది. లేజరుకు 20,000 గంటలని రాస్తారు చూడండి, వెలుగు సగానికి పడిపోయే సమయమే ఆ లెక్క. ఇప్పుడు రెట్టింపు ఉంటేనే అప్పటికి సరిపడా ఉంటుంది. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే రకం) సినిమాలకైతే ఆ అదనపు వెలుగు మొదటిరోజు నుంచే కావాలి.

ఆన్‌లైన్ సేల్స్‌లో చిన్న ఆండ్రాయిడ్ ప్రొజెక్టర్ల మీద 9,000, 12,000 ల్యూమెన్లు అని రాస్తుంటారు. వాటిని నమ్మొద్దు. ఆన్సీ ల్యూమెన్లు లేదా ఐఎస్ఓ ల్యూమెన్లు (ప్రామాణిక పద్ధతిలో కొలిచినవి) అని స్పష్టంగా రాసి ఉంటేనే లెక్కలోకి తీసుకోండి.

గదికి వద్దాం. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం ఇదే. ప్రొజెక్టరు నలుపు రంగును వెయ్యలేదు. అది వెయ్యగలిగేది వెలుగే. లైట్లన్నీ ఆర్పేసి, ఏమీ పడని ఖాళీ స్క్రీను ఎంత నల్లగా కనిపిస్తుందో చూడండి. సినిమాలో నలుపు అంతకంటే నల్లగా ఎప్పటికీ రాదు. పైగా తెల్ల స్క్రీను మీద పడిన వెలుగు గది అంతా చిమ్ముతుంది, తెల్ల సీలింగుకీ తెల్ల గోడలకీ తగిలి తిరిగి స్క్రీను మీదకే వస్తుంది. రాత్రి సీన్లో ఒక మూల దీపం ఉంటే చాలు, ఆ దీపపు వెలుగే తిరిగొచ్చి మిగతా చీకటినంతా బూడిదరంగు చేసేస్తుంది. ఎంత ఖరీదైన ప్రొజెక్టరయినా దీన్ని ఆపలేదు.

లాసన్స్ బే కాలనీలో ఒకరింట్లో ఇదే జరిగింది. మంచి ప్రొజెక్టరే. ఫాల్స్ సీలింగు మాత్రం మెరిసే తెల్ల పెయింటు. ఆయన ప్రొజెక్టరు మార్చేద్దామనే ఉద్దేశంతో ఉన్నారు. నేను స్క్రీనువైపు ఐదడుగుల సీలింగుకీ, రెండు పక్క గోడల్లో స్క్రీనుకు దగ్గరగా ఉన్న భాగానికీ ముదురు బూడిదరంగు మ్యాట్ పెయింటు వేయించాను. స్క్రీను వెనక గోడకీ అదే. పెయింటరు పని అయ్యాక అదే సినిమాలో అదే రాత్రి సీను వేస్తే, వెనక చెట్ల ఆకులు విడివిడిగా కనిపించాయి. అంతకుముందు అక్కడ చెట్టు ఉన్నట్టే తెలియలేదు. ప్రొజెక్టరు మార్చే మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

నల్లరంగే వెయ్యాలని లేదు. ముదురు నీలం, కాఫీ గింజ రంగు, ముదురు బూడిద ఏదైనా సరే. మెరుపు మాత్రం ఉండకూడదు, మ్యాటే వెయ్యాలి. గది మొత్తం వేస్తే ఇంకా మంచిది. ఇంట్లో ఒప్పుకోకపోతే స్క్రీనువైపు మూడోవంతు గది వేసినా తేడా తెలుస్తుంది.

కిటికీల విషయం. మనకి ఎండాకాలంలో ఐదున్నరకల్లా సూర్యుడు సముద్రం మీంచి లేస్తాడు, తూర్పు కిటికీలోంచి మధ్యాహ్నం దాకా వెలుతురు కొడుతూనే ఉంటుంది. బ్లాకౌట్ కర్టెన్లు వేస్తే గుడ్డలోంచి రాదు గానీ అంచుల్లోంచి వస్తుంది. నేనైతే కిటికీ లోపలి చట్రానికి సరిపోయే ప్లై తలుపులు చేయిస్తాను. లోపల రెండంగుళాల రాక్ వుల్ (శబ్దం పీల్చే రాతి నార), బయట గుడ్డ, అంచుకు రబ్బరు బీడింగు. కావలసినప్పుడు ఊడదీసి పక్కన పెట్టుకోవచ్చు. వెలుతురు, వీధి శబ్దం రెండూ తగ్గుతాయి. కిటికీలను ఇటుకలతో శాశ్వతంగా మూసేద్దామని కొందరు అంటారు, మన ఊళ్లో ఆ పని చెయ్యొద్దు. గాలి ఆడని గది ఇక్కడ నిమ్మెక్కిపోతుంది.

ఆ నిమ్ము గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే హైదరాబాదు, బెంగళూరు వాళ్లు తీసే వీడియోల్లో ఈ సంగతి ఉండదు. మధురవాడ మరీ ఒడ్డున లేదు గానీ ఉప్పు గాలి, ఉక్కపోత మీకూ తప్పవు. ఎండాడ వైపు ఒక ఇంట్లో ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసి ఉంచిన థియేటరు గది తెరిచాం. బయటి గోడకు అతికించిన ప్యానెళ్ల వెనక బూజు పచ్చగా పట్టేసింది. స్పీకరు వైరు కొనలు చిలుము పట్టి, నలిపితే రాలిపోతున్నాయి. ప్రొజెక్టరు లెన్సు మీద టార్చి వేసి చూస్తే సాలెగూడు దారాల్లాంటి ఫంగస్ గీతలు. పైన ఉంటే తుడవచ్చు, లోపలి అద్దానికి పడితే సర్వీసుకే పంపాలి.

దీనికి నేను పాటించేవి చెబుతాను. బయటి గోడలో చెమ్మ ఉంటే ముందు మేస్త్రిని పిలిచి ఆ పని తేల్చుకోవాలి, మేడ మీద గది కాబట్టి స్లాబు లీకేజీ కూడా. ప్యానెళ్లకు వెనక ఒక అంగుళం ఖాళీ వదిలి బిగించాలి. స్క్రీను వెనక చట్రాలకు, ర్యాకుకు మామూలు కమర్షియల్ ప్లై వద్దు, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి. స్పీకరు వైరు తగరపు పూత ఉన్న రాగిది తీసుకోండి, లేదా కొనలకు బనానా ప్లగ్గులు బిగించి రాగి బయటికి కనపడకుండా చెయ్యండి. వారంలో ఒకటి రెండుసార్లయినా సిస్టం నడవాలి. వానాకాలంలో సినిమా చూడకపోయినా కాసేపు ఏసీని డ్రై మోడ్‌లో వెయ్యండి. ఆపీ ఆపగానే, వేడి తగ్గకముందే ప్రొజెక్టరుకు ప్లాస్టిక్ కవరు కప్పేస్తారు కొందరు, ఆ కవరులో చేరిన చెమ్మే ఫంగస్‌కు మేత.

ఇప్పుడు ప్రొజెక్టరు ఎంపిక. మీ బడ్జెట్లో దీనికి లక్షన్నర దాకా కేటాయించుకోవచ్చు. ఆ ధరలో మంచి ఫుల్ హెచ్‌డీ గానీ, 4కెలో మొదటి మెట్టు డీఎల్‌పీ (చిన్న అద్దాల చిప్పుతో బొమ్మ వేసే రకం) గానీ చూడాలి. ఈ మొదటి మెట్టు 4కె అంతా చిప్పు మీద 4కె చుక్కలు ఉండి వచ్చేది కాదు. చాలావాటిలో ఉండేది 1920 బై 1080 అద్దాల చిప్పే, దాన్ని కంటికి అందని వేగంతో నాలుగు దిక్కులకు కదిపి 4కె చుక్కలు వేస్తుంది. మోసమేమీ కాదు, బొమ్మ నిజంగానే పదునుగా ఉంటుంది. కానీ 11 అడుగుల దూరంలో 8 అడుగుల తెర మీద ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ ఉండే తేడా కంటే, మంచి కాంట్రాస్టుకీ (వెలుగుకీ నలుపుకీ మధ్య తేడా) నాసి కాంట్రాస్టుకీ ఉండే తేడా కంటికి ముందు కనిపిస్తుంది. రెండింట్లో ఒకటే కుదిరితే నేను కాంట్రాస్టు ఉన్నదే తీసుకోమంటాను.

డీఎల్‌పీలో ఒక ఇబ్బంది ఉంది. ఒకే చిప్పు ఉండేవాటిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని తరవాత ఒకటి పడతాయి. కొందరి కళ్లకు ఆ రంగులు విడిపోయి చిన్న ఇంద్రధనుస్సు ముక్కల్లా మెరుస్తాయి. మీకు కనపడకపోవచ్చు, మీ ఆవిడకు కనపడొచ్చు, తలనొప్పి కూడా రావచ్చు. కొనేముందు ఇంటిల్లిపాదీ వెళ్లి చీకటి సీను మీద తెల్ల సబ్‌టైటిల్స్ వేయించుకుని, చూపు చకచకా అటూ ఇటూ తిప్పి చూడండి. ఇబ్బందిగా ఉంటే ఎప్సన్‌వాళ్లు వాడే త్రీ ఎల్‌సీడీ వైపు వెళ్లండి, అందులో మూడు రంగులూ ఒకేసారి పడతాయి. సోనీ, జేవీసీలు వాడే ఎల్‌కాస్ రకం నలుపు విషయంలో వీటన్నిటికంటే మెరుగు. ధర మీ మొత్తం బడ్జెట్టునే మింగేస్తుంది కాబట్టి ఈసారికి వదిలెయ్యండి.

కాగితం మీద చూడాల్సిన ముఖ్యమైన అంకె త్రో రేషియో. లెన్సు నుంచి స్క్రీనుకు ఉన్న దూరాన్ని స్క్రీను వెడల్పుతో భాగిస్తే వచ్చేదే అది. మీరు చూసే ప్రొజెక్టరుకు 1.2 నుంచి 1.6 అని ఉంటే, 8 అడుగుల వెడల్పుకు లెన్సు తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర అడుగుల మధ్య ఉండాలి. పన్నెండు దగ్గర పెడితే ప్రొజెక్టరు మీ తలకు కాస్త వెనక ఉంటుంది, ఫ్యాను మోత అంతగా తెలియదు. దాని వెనక అడుగు ఖాళీ ఉంచండి, వేడి పోవాలి.

నిలువుగా లెన్స్ షిఫ్ట్ (ప్రొజెక్టరును వంచకుండా బొమ్మను పైకీ కిందికీ జరిపే వీలు) ఉన్నది దొరికితే పదివేలు ఎక్కువైనా తీసుకోండి. అది లేనివాటిని వంచి బిగించి, బొమ్మ వంకరను కీస్టోన్‌తో సరిచేస్తారు. కీస్టోన్ అంటే చిప్పులో కొంత భాగాన్ని వాడకుండా వదిలేసి బొమ్మను కుదించడమే. 4కెకు డబ్బు పెట్టి, ఆ చుక్కల్లో కొన్నిటిని అక్కడే పారేసినట్టు.

అల్ట్రా షార్ట్ త్రో గురించి మీరు అడగలేదు గానీ షాపులో చూపిస్తారు. గోడ పక్కనే బల్ల మీద పెట్టేది. హాల్లో టీవీ బదులు పెట్టుకోవడానికి బాగుంటుంది, కానీ దానికంటూ ప్రత్యేకమైన స్క్రీను, అద్దంలా చదునుగా, గట్టి ఫ్రేముతో ఉండాలి. గాజువాకలో ఒకరు దాన్ని మామూలు లాగుడు స్క్రీనుతో జతచేశారు. కింది నుంచి వెలుగు ఏటవాలుగా పడుతుంది కాబట్టి గుడ్డలో ఉన్న సన్నటి ముడత కూడా పెద్ద అలలా కనిపించేది. క్రికెట్లో బౌండరీ తాడు వంకరలు పోయేది. మీకు చీకటి చేసుకోగలిగే ప్రత్యేక గది ఉంది, ఆ అవసరమే లేదు.

స్క్రీను విషయంలో కూడా అదే మాట. బూడిదరంగువి, వెలుతురును తట్టుకునే ఏఎల్ఆర్ రకాలు లైట్లున్న హాళ్ల కోసం. చీకటి గదిలో 1.0 గెయిన్ (పడిన వెలుగును పెంచకుండా, తగ్గించకుండా తిరిగి ఇచ్చే రకం) ఉన్న మ్యాట్ వైట్ చాలు. ఫ్రేము చుట్టూ నల్ల వెల్వెట్ ఉండాలి. కింది అంచు నేల నుంచి రెండడుగులు ఉంచండి, అప్పుడు కూర్చున్నవాళ్ల కళ్లు స్క్రీను కింది మూడోవంతుకు దగ్గరగా వస్తాయి. మన సినిమాలు ఎక్కువభాగం స్కోప్‌లో (బాగా వెడల్పు బొమ్మ) ఉంటాయి కాబట్టి పైనా కిందా ఏడేసి అంగుళాల నల్ల పట్టీలు వస్తాయి. దానికోసం స్కోప్ స్క్రీను కొనక్కర్లేదు, క్రికెట్టూ వెబ్ సిరీసులూ చిన్నవైపోతాయి. అంత ఇబ్బందిగా ఉంటే తేలిక చట్రాలకు నల్ల వెల్వెట్ గుడ్డ చుట్టి, స్కోప్ సినిమా ఉన్నప్పుడు ఆ పట్టీల మీద తగిలించుకోండి. ఖర్చు చాలా తక్కువ, బొమ్మ గాల్లో నిలబడ్డట్టు ఉంటుంది.

సౌండుకు లక్షా పాతిక వేలు వేసుకోండి. ముందు 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు) చాలు, ఏవీ రిసీవరు (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) మాత్రం రేపు సీలింగు స్పీకర్లు కలుపుకోగలిగేది తీసుకోండి. డబ్బు సర్దుకోవాల్సి వస్తే సెంటర్ స్పీకరులో తగ్గించకండి, మాటలన్నీ దాంట్లోంచే వస్తాయి. 110 అంగుళాల స్క్రీనుకు అటూ ఇటూ రెండేసి అడుగులు మిగులుతాయి, ఎడమ కుడి స్పీకర్లు అక్కడ సరిగ్గా కుదురుతాయి. సరౌండ్లు (పక్క స్పీకర్లు) మీ చెవులకు సరిగ్గా పక్కన లేదా కొంచెం వెనక, చెవి కంటే కాస్త ఎత్తులో. సబ్‌వూఫరు (బేస్ స్పీకరు) ఎక్కడ పెట్టాలో ముందే నిర్ణయించకండి. దాన్ని తాత్కాలికంగా సోఫా మీద పెట్టి, బేస్ ఎక్కువున్న పాట వేసి, మీరు గోడల వెంబడి వంగి నడవండి. ఎక్కడ బేస్ గుమ్మనకుండా స్పష్టంగా వినపడుతుందో అక్కడికి దాన్ని మార్చండి.

గది మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. సిమెంటు గోడలు, టైల్స్ నేల కాబట్టి టంగుమని మోగుతుంది. ఆ మోత డైలాగులను మింగేస్తుంది. నేలకు మందపాటి కార్పెట్టు, పక్క గోడల మీద స్పీకరు శబ్దం మొదట తగిలే చోట రెండంగుళాల రాక్ వుల్ ప్యానెళ్లు, వెనక గోడకు ఇంకొన్ని. ఇవి మన కార్పెంటరే చెయ్యగలడు. కోడిగుడ్ల అట్టల్లా ఉండే ఫోమ్ షీట్లు మాత్రం వద్దు. కీచు శబ్దాన్ని పీల్చి మోతను అలాగే వదిలేస్తాయి, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం.

వైరింగ్ సీలింగు మూసేముందే తేలిపోవాలి. ప్రొజెక్టరుకు వెళ్లే పైపు రెండంగుళాలది వేయించండి, మలుపులు నిదానంగా ఉండాలి, లోపల ఒక నైలాన్ తాడు వదిలెయ్యండి. అంగుళం పైపు, ఎల్బోలు వేస్తే హెచ్‌డీఎంఐ తల అక్కడే ఇరుక్కుపోతుంది. ర్యాకు నుంచి ప్రొజెక్టరుకు మలుపులు తిరిగి వెళ్లే దూరం పది మీటర్లు పైనే అవుతుంది, కాబట్టి రాగి కేబుల్ కాకుండా ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోండి. దానికి దిక్కు ఉంటుంది, ఒక కొన రిసీవరుకు, ఒక కొన ప్రొజెక్టరుకు. తిరగేసి పైపులో దూరిస్తే బొమ్మ రాదు. పైపులోకి ఎక్కించకముందే నేల మీద పరిచి ఒక సినిమా నడిపి చూడండి.

కరెంటుకు మెయిన్ బోర్డు నుంచి విడి లైను, విడి ఎంసీబీ, గట్టి ఎర్తింగు. ఏసీ లైను వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరికి రోజుల తరబడి కరెంటు లేని సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. అంతటి తుఫాను రాకపోయినా ఏటా వానాకాలంలో కరెంటు పోయి రావడం మామూలే, వచ్చేటప్పుడు వచ్చే ఎగుడుదిగుడు వోల్టేజీయే బోర్డులను కాలుస్తుంది. మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టరు పెట్టించండి. ల్యాంపు ప్రొజెక్టరు తీసుకుంటే చిన్న సైన్ వేవ్ యూపీఎస్ తప్పనిసరి. కరెంటు ఠక్కున పోతే ఫ్యాను ఆగిపోయి ల్యాంపు వేడి లోపలే ఉండిపోతుంది. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ప్లగ్గులు తీసేసి, కిటికీ ప్లై తలుపులు బిగించి ఉంచండి.

మిగిలిన డబ్బులో స్క్రీనుకు ముప్పై నలభై వేలు, గది పనికి ఎనభై తొంభై వేలు సరిపోవచ్చు. ఇంకో సంగతి, ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతం. మీకిచ్చిన కొటేషన్ ఏ రేటుతో రాశారో చూసుకోండి. అమెరికా నుంచి చుట్టాలతో తెప్పించుకుంటే చవకని ఎవరైనా అంటే, ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో ముందు కంపెనీకి రాసి అడగండి.

పని వరుస కూడా చెబుతాను. స్లాబు, గోడల చెమ్మ మొదట. తరవాత పైపులు, వైరింగు. ఆ తరవాత కిటికీ తలుపులు, పెయింటు, ప్యానెళ్లు. దుమ్ము పనంతా అయి, గది కడిగి ఆరాకే ప్రొజెక్టరు డబ్బా తెరవండి. మధ్యలో ఒక మెట్టు ఉంది, దాన్ని దాటెయ్యొద్దు. స్క్రీను ఆర్డరు ఇచ్చేముందు గోడ మీద 8 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తుకు మాస్కింగ్ టేపుతో చట్రం గీసి, 11 అడుగుల దూరంలో కుర్చీలు వేసుకుని అందరూ ఒక సాయంత్రం కూర్చోండి. చిన్నదనిపిస్తే 120 దాకా వెళ్లొచ్చు, మీ గదికి అదే హద్దు.

గది తలుపు ఏ గోడకు ఉంది, ఏసీ ఎక్కడ పెట్టాలనుకుంటున్నారు అన్నది మీరు రాయలేదు. తలుపు స్క్రీను గోడకే ఉంటే స్క్రీనును ఎదురు గోడకు మార్చాల్సి వస్తుంది, అప్పుడు పైపు దారి కూడా మారుతుంది. ఆ రెండూ రాయండి, స్పీకర్ల స్థానాలు అడుగులతో సహా చెబుతాను.